బల్బు మసక... మోటారు మసి!

సాయంత్రం ఏడవుతుంది. ఇంట్లో బల్బు దీపపు ఒత్తిలా ఎర్రగా వెలుగుతుంటుంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతుంటుంది. 'లో వోల్టేజీ' అని విసుక్కుంటాం. కాసేపటికి సర్దుకుంటే మర్చిపోతాం.

పొలం దగ్గర బోరు మోటారు పరిస్థితి వేరు. వోల్టేజీ పడిపోయి ఇంట్లో బల్బు చల్లబడుతున్న సమయంలోనే అక్కడ మోటారు వేడెక్కుతూ ఉంటుంది. మర్నాడు పొద్దున రైతు వెళ్లి చూస్తే కాలిన వాసన! వరి పొట్ట దశలో ఉన్నప్పుడు మోటారు కాలితే నష్టం వైండింగుకయ్యే వేలతో ఆగదు. మెకానిక్ షాపులో అది ఉన్నన్ని రోజులూ మడి ఎండుతూనే ఉంటుంది.

ఒకే కరెంటు, ఒకే లో వోల్టేజీ. బల్బు చల్లబడటమేంటి, మోటారు కాలిపోవటమేంటి? ఈ చిక్కుముడిని విప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. పదో తరగతి పిల్లలు బట్టీ పట్టే రెండు సూత్రాలు చాలు. స్టార్టరు డబ్బా మీద కనిపించే రెండు అంకెలు చాలు.

కరెంటు పుట్టే చోటే...

జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్ల. ఒకప్పుడు వరంగల్ జిల్లా చిట్యాల మండలంలోని ఊరు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మండల కేంద్రమైంది. వరి, పత్తి, మిరప పండించే ప్రాంతం. ఇదే జిల్లాలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మొదటి దశ 500 మెగావాట్లు, రెండో దశ 600 మెగావాట్లు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి కాబట్టి బొగ్గూ ఇక్కడిదే, కరెంటూ ఇక్కడిదే.

మరి కరెంటు పుట్టే జిల్లాలో లో వోల్టేజీ ఎందుకుండాలి? ఎందుకంటే పొలంలో మోటారుకు అందే వోల్టేజీని తేల్చేది విద్యుత్ కేంద్రం ఎంత దూరంలో ఉందన్నది కాదు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా ఉన్న ఆఖరి కొన్ని వందల మీటర్ల తీగ, దాని మీద పడే బరువు. లక్షల వోల్టులతో కొండలూ వాగులూ దాటి వచ్చిన కరెంటు, సన్నటి సర్వీసు వైరు దగ్గర చతికిలపడుతుంది. అదెలాగో తెలియాలంటే ముందు నాలుగు మాటల అర్థం తెలియాలి.

చెరువు, తూము, కాలువ

కాకతీయుల నాటి నుంచీ చెరువులతో బతికిన నేల కాబట్టి చెరువు లెక్కే చెప్పుకుందాం. చెరువులో నీళ్లు ఎంత ఎత్తున నిలిస్తే తూము దగ్గర అంత ఒత్తిడి. ఆ ఒత్తిడే వోల్టేజీ. కాలువలో పారే నీరు కరెంటు. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. తూము ఇరుకైనా, కాలువలో గడ్డి పెరిగినా పారకం తగ్గుతుంది. ఆ అడ్డంకే రెసిస్టెన్స్, మన భాషలో నిరోధం. దాని కొలత ఓమ్. ఇక ఆ నీరు ఎంత జోరుగా పని చేస్తోందన్నదే పవర్. దాని కొలత వాట్.

లెక్కలు రెండే.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు.

ఇంట్లో ఉండే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెనే తీసుకోండి. ఇంటి కరెంటు 230 వోల్టులు. వెయ్యిని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు. 230ని 4.35తో భాగిస్తే దాదాపు 53 ఓములు. అంటే ఆ పెట్టెలోని ఫిలమెంటు కరెంటుకు పెట్టే అడ్డంకి 53 ఓములన్నమాట.

ఇప్పుడు వోల్టేజీ 170కి పడిపోయిందనుకోండి. ఫిలమెంటు మారలేదు. 170ని 53తో భాగిస్తే 3.2 ఆంపియర్లు. 170ని 3.2తో గుణిస్తే 544 వాట్లు. వోల్టేజీ తగ్గింది పావు వంతే. పవర్ మాత్రం దాదాపు సగానికి పడిపోయింది! ఎందుకంటే వోల్టేజీతో పాటు కరెంటూ తగ్గింది. రెండు తగ్గుదలలూ కలిసి గుణింతమయ్యాయి. చొక్కా మడతలు పోకపోవడానికి కారణం ఇదే. పాతకాలపు బల్బు మసకేయడానికీ ఇంచుమించు ఇదే కారణం. దానివల్ల వాటికొచ్చే ప్రమాదం మాత్రం ఏమీ లేదు.

మోటారు మొండిఘటం

ఇస్త్రీపెట్టె ఇచ్చినంత పుచ్చుకునే రకం. మోటారు అలా కాదు. రెండు వందల అడుగుల లోతు నుంచి నీళ్లు పైకి తోడాలి. వోల్టేజీ తగ్గిందని ఆ లోతు తగ్గదు, నీటి బరువూ తగ్గదు. చేయాల్సిన పని ఇంచుమించు అంతే ఉంటుంది. వోల్టులు తగ్గాయి కాబట్టి ఆ లోటును పూడ్చడానికి మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది.

అంకెల్లో చూద్దాం. పొలాల్లో ఎక్కువగా కనిపించే 5 హెచ్‌పీ మూడు ఫేజుల మోటారు నిండు బరువు మీద సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ఫేజుల మధ్య వోల్టేజీ 415. మూడు ఫేజుల లెక్కలో వోల్టులను, ఆంపియర్లను, 1.73ను గుణించాలి. మోటారు తీసుకునే కరెంటులో కొంత పనికి పోకుండా దాని లోపలి అయస్కాంతాన్ని నిలబెట్టడానికే తిరుగుతుంటుంది. ఆ భాగాన్ని తీసేయడానికి మళ్లీ 0.85తో గుణించాలి. దీన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. మొత్తం లెక్కగడితే దాదాపు 4,580 వాట్లు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అయిదు హెచ్‌పీలంటే 3,730. మిగిలిన 850 వాట్లు మోటారులోనే వేడిగా, రాపిడిగా పోతాయి.

వోల్టేజీ 330కి పడిపోతే? అదే పని చేయడానికి మోటారు దాదాపు 9.4 ఆంపియర్లు లాగాలి. నాలుగో వంతేగా పెరిగింది అనిపిస్తుంది. కానీ తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు వర్గంతో పెరుగుతుంది. ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, ఆపైన ఓములతో గుణిస్తే వచ్చేది వేడి. బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ 1840 ప్రాంతంలో తేల్చిన సంగతి ఇది. ఆ లెక్కన వైండింగులో వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వైండింగు తీగ మీది ఎనామిల్ పూత ఆ వేడికి మెల్లగా పెళుసెక్కుతుంది. ఒకనాడు చిట్లుతుంది. రెండు చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. అంతే, మోటారు మసి!

అసలు తిరగడమే మొదలుపెట్టకపోతే ఇంకా ప్రమాదం. మోటారు తిరుగుతున్నప్పుడు దానిలోనే ఓ ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటును అదుపు చేస్తుంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ ఎదురు ఉండదు. అందుకే మోటారు వేసిన తొలి క్షణాల్లో మామూలుకన్నా అయిదారు రెట్ల కరెంటు దూసుకొస్తుంది. వేగం అందుకోగానే తగ్గుతుంది. వోల్టేజీ 330 ఉంటే మోటారు తిరిగే బలం 63 శాతానికి పడిపోతుంది. ఆ బలంతో పంపు కదలక, 'మ్‌మ్‌...' అని మూలుగుతూ నిలబడిందంటే ఆ అయిదారు రెట్ల కరెంటూ అలాగే కొనసాగుతుంది. వైండింగు కాలడానికి నిమిషాలు చాలు.

అన్నట్టు, మోటారు వైండింగును మల్టీమీటరుతో కొలిస్తే కొన్ని ఓములే చూపిస్తుంది. 415ను ఆ కొద్ది ఓములతో భాగిస్తే వంద ఆంపియర్లు దాటాలి కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. తిరిగే మోటారు వట్టి తీగ కాదు. అందులోని అయస్కాంతం, ఎదురు వోల్టేజీ కూడా కరెంటును ఆపుతుంటాయి. వోల్టులను ఆంపియర్లతో భాగించే సూత్రం ఇస్త్రీపెట్టెకు సరిపోయినంత సూటిగా మోటారుకు సరిపోదు.

దొంగ ఎక్కడున్నాడు?

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 415 ఉన్న వోల్టేజీ బోరు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తగ్గుతుంది? ఆ దొంగను పట్టుకోవడానికీ ఇదే లెక్క.

మోటారు నడుస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 415, స్టార్టరు దగ్గర 377 ఉందనుకుందాం. తేడా 38 వోల్టులు. మూడు ఫేజులు కాబట్టి దాన్ని 1.73తో భాగిస్తే ఒక్కో తీగ మింగింది 22 వోల్టులు. 22ను ఏడున్నర ఆంపియర్లతో భాగిస్తే దాదాపు 2.9 ఓములు. అది సర్వీసు వైరు రెసిస్టెన్స్! నాలుగు చదరపు మిల్లీమీటర్ల మందమున్న అల్యూమినియం వైరును 400 మీటర్లు లాగితే సరిగ్గా ఇంతే ఉంటుంది. ఒక్కో తీగలో 22 వోల్టులు, ఏడున్నర ఆంపియర్లు. అలాంటివి మూడు. గుణిస్తే 495 వాట్లు. అంటే అర కిలోవాటు కరెంటు నీళ్లు తోడకుండా దారిలోనే ఆవిరవుతోంది. ఏడు గంటలు నడిస్తే మూడున్నర యూనిట్లు.

అదే దూరానికి పది చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే? రెసిస్టెన్స్ 1.2 ఓములకు తగ్గుతుంది. 38 వోల్టుల నష్టం 16కి దిగుతుంది. మోటారుకు 399 అందుతుంది. వైరుకు ఒకసారి పెట్టే ఖర్చు ఎక్కువే. కానీ మళ్లీ మళ్లీ వైండింగు చేయించే ఖర్చుతో పోల్చి చూసుకోవాల్సింది అదే.

ఇక్కడో మెలిక ఉంది. మోటారు ఆపి మీటరు చూస్తే 415 నిక్షేపంగా కనిపిస్తుంది. కరెంటు పారనప్పుడు తీగలో నష్టమే ఉండదు మరి! 'వోల్టేజీ బాగానే ఉంది, మోటారే బాగోలేదు' అనుకోవడానికి ఇదే కారణం. ఎప్పుడు కొలిచినా మోటారు నడుస్తుండగానే కొలవాలి.

వదులుగా ఉన్న జాయింట్ ఇంకో దొంగ. అక్కడ అర ఓమ్ రెసిస్టెన్స్ ఉంటే చాలు. ఎనిమిది ఆంపియర్లు పారితే పోయేది నాలుగు వోల్టులే. కానీ ఆ చోట పుట్టే వేడి 32 వాట్లు. రేడియోలు బాగుచేసేవాళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఇంచుమించు అంతే ఉంటుంది. వేలెడంత జాయింట్ మీద రోజంతా దాన్ని ఆనించి ఉంచినట్టన్నమాట. మెలితిప్పి టేపు చుట్టిన చోటే వైరు ఎందుకు నల్లబడుతుందో ఇప్పుడు అర్థమైంది కదా!

నలుగురి లెక్క

ఒక్కరు మందపాటి వైరు వేసుకుంటే సరిపోదు. ట్రాన్స్‌ఫార్మర్ నలుగురిదీ. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండుగా ఇవ్వగలిగేది దాదాపు 35 ఆంపియర్లు. ఏడున్నర చొప్పున నాలుగు మోటార్లకు 30. అయిదోది తగిలిస్తే 37.5. ఆ ఒక్క మోటారు వల్ల అందరి వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ పడితే మోటార్లన్నీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి. దాంతో వోల్టేజీ మరింత పడుతుంది. చివరికి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. అప్పుడు అయిదుగురి మడులూ ఎండుతాయి.

ఆటోస్టార్టర్ల గొడవ కూడా ఇదే. విడతలవారీగా కరెంటు వచ్చే రోజుల్లో అర్ధరాత్రి పొలానికి వెళ్లలేక రైతులు వాటిని పెట్టుకున్నారు. పాములూ చీకటీ తెలిసినవాళ్లెవరూ ఆ పని తప్పనరు. కానీ కరెంటు వచ్చిన మరుక్షణం నాలుగు మోటార్లూ ఒకేసారి లేస్తే? ఒక్కోటి ఆరు రెట్లు లాగితే మొత్తం 180 ఆంపియర్లు. ఇవ్వగలిగేది 35! తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించడానికి ముందు, 2017లో ఆటోస్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది అందుకే.

ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత విద్యుత్ కావాలంటే మోటారుకు కెపాసిటర్ ఉండాలన్న షరతు 2005లోనే వచ్చింది. అదేదో కాగితాల కోసం పెట్టిన నిబంధన అనుకున్నవాళ్లే ఎక్కువ. నిజానికి మోటారులో అయస్కాంతం కోసం తిరిగే కరెంటును కెపాసిటర్ అక్కడికక్కడే సర్దుబాటు చేస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.85 నుంచి 0.95కు పెరిగితే తీగలో ఏడున్నర ఆంపియర్లు 6.7కు తగ్గుతాయి. వైరు వేడి తగ్గుతుంది, పక్కవాడి వోల్టేజీ కూడా పెరుగుతుంది.

పొలాల దాకా 11 వేల వోల్టుల లైను లాగి, చివర్లో చిన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడంలోని కిటుకూ ఇదే. 100 కేవీఏ విద్యుత్తును 415 వోల్టులతో పంపితే 139 ఆంపియర్లు పారాలి. 11 వేల వోల్టులతో అయితే అయిదుంబావు చాలు. కరెంటు 26 రెట్లు తగ్గింది. అదే తీగలో వేడి దాదాపు 700 రెట్లు తగ్గుతుంది.

తాళాలు చేసేవారి అబ్బాయి

ఈ లెక్కను లోకానికిచ్చిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలో తాళాలు తయారుచేసే కుటుంబంలో 1789లో పుట్టాడు. బడిపంతులుగా పనిచేస్తూ రకరకాల తీగలతో ప్రయోగాలు చేసి 1827లో పుస్తకం ప్రచురించాడు. స్వదేశంలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఉద్యోగం వదులుకుని కొన్నేళ్లు ఇబ్బందులు పడ్డాడు. చివరికి 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకంతో గౌరవించింది. ఇప్పుడు రెసిస్టెన్స్ కొలత ఆయన పేరు మీదే ఉంది. పవర్ కొలత ఆవిరియంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్ పేరు మీద ఉంది.

ఫ్యూజుకు మనిషి తెలియదు

ఈ లెక్కల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మోటారుది కాదు, మనిషిది. మన ఒంటికీ రెసిస్టెన్స్ ఉంటుంది. చర్మం పొడిగా ఉంటే ఎక్కువ. చేతులు తడిగా, కాళ్లు బురదలో ఉంటే వెయ్యి ఓముల దాకా దిగిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్. చూడ్డానికి చిన్న అంకె. కానీ ఆంపియరులో యాభయ్యో వంతు పారితేనే చేయి బిగుసుకుపోయి పట్టిన తీగను వదల్లేదు. పదో వంతు గుండె లయ తప్పించడానికి చాలు.

'ఫ్యూజు ఉందిగా' అంటారు చాలామంది. 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు ఎంత? 60ని 230తో భాగించండి. 0.26 ఆంపియర్. షాక్ కొట్టిన మనిషిలో పారేది 0.23. పదిహేను ఆంపియర్ల ఫ్యూజుకు మనిషికీ బల్బుకీ తేడా తెలియదు. ప్రాణం పోతున్నా అది చల్లగానే ఉంటుంది. ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు.

మనిషిని కాపాడేది ఎర్తింగ్. మోటారు బాడీకి కరెంటు వచ్చినప్పుడు ఎర్తు దారి మొత్తం రెసిస్టెన్స్ రెండు ఓములుంటే 115 ఆంపియర్లు పారి ఫ్యూజు తక్షణం ఎగిరిపోతుంది. గుంత ఎండిపోయి, తీగ తుప్పుపట్టి అది 50 ఓములైతే పారేది 4.6 ఆంపియర్లే. ఫ్యూజు పోదు, మోటారు బాడీలో కరెంటు ఉంటుంది. నీళ్లు కట్టడానికి తడి కాళ్లతో వచ్చిన రైతు ముట్టుకునేది దాన్నే. ఇంట్లో బట్టలారేసే ఇనుప తీగ దండెం, సర్వీసు వైరు ఒరుసుకున్నప్పుడు జరిగేదీ ఇదే.

ఇళ్లలో ఎర్తింగుతో పాటు ఆర్‌సీసీబీ అనే పరికరం పెట్టించుకోవాలి. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయో లేదో అది చూస్తుంటుంది. 0.03 ఆంపియర్ తేడా వచ్చినా కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. ఫ్యూజు గుర్తించలేని మనిషిని గుర్తించేది ఇదొక్కటే.

ఇవి మరవొద్దు

* మోటారు ప్లేటు మీద రాసి ఉన్న ఆంపియర్లను స్టార్టరు డబ్బా తలుపు మీద పెద్దక్షరాలతో రాసుకోండి. నడుస్తున్నప్పుడు మీటరు దానికి మించి చూపిస్తే ఆపేయండి.

* స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే పదేపదే పడిపోతుంటే దాన్ని కట్టేయొద్దు. అది మోటారు తరఫున చేసే ఫిర్యాదు.

* మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండాల్సిందే.

* ఫ్యూజు పోయిన చోట రాగి తీగ నాలుగు పేటలు వేసి చుట్టొద్దు. ఫ్యూజులు వేయడానికి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కొద్దు. లైన్‌మన్‌ను పిలవండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రీడింగు కూడా ఆయన చేతే తీయించండి.

* ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్లు పోయండి. ఏడాదికోసారి ఎర్తు తీగ బిగింపులు చూపించండి.

* ఇనుప తీగ దండేలు తీసేసి ప్లాస్టిక్ తాడు కట్టండి. పందుల బెడదకైనా సరే, పొలం చుట్టూ తీగకు కరెంటు పెట్టొద్దు. అది నేరం. రాత్రిపూట ఆ తీగకు తగిలేది పందే అవుతుందన్న నమ్మకం లేదు.

పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ ఆదివారం ఓ పని చేయండి. ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఫ్రిజ్ వెనకున్న ప్లేట్లు చదివించి, ఏది ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో లెక్క కట్టించండి. వాళ్లకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. పొలంలో నాన్నకు ఒక పంట.